గడపకు పెట్టిన బొట్టు

గడప మీద కాలు పెట్టవద్దని గైడు పిల్ల ఇంగ్లీషులో చెప్పింది. మా మౌనిక దాన్ని నాకు తెలుగులో చెప్పింది. నాకు నవ్వొచ్చింది. గడప తొక్కకూడదని నాకు ఒకరు చెప్పాలా? బుద్ధెరిగిన నాటి నుంచి ఏ గడపనూ తొక్కలేదు, అందులోనూ ఈ గడపను తొక్కుతానా? మౌనిక నా కూతురి కూతురు. దోహాలో, అల్ సద్‌లో ఒక క్లినిక్‌లో నర్సు. ఈ చలికాలం నన్ను తన దగ్గరికి పిలిపించుకుంది. ఒకరోజు పొద్దున్నే వ్యాను ఎక్కించి, ఉత్తరాన సముద్రం ఒడ్డున పాడుబడ్డ పాత ఊరు ఉంది, గైడు తిప్పి చూపిస్తారు, ఒక్క పూటలో తిరిగి వచ్చేస్తాం అంది. నేను అక్కడికి ఇదివరకే వెళ్ళానంటే దానికి నమ్మబుద్ధి కాలేదు. అమ్మమ్మ ఈ దేశంలో ఆయాగా చేసిందని తెలుసు గాని, పాత గోడలు చూడటానికి తిరిగిందని ఎవరనుకుంటారు? అక్కడి నుంచి వచ్చిన దగ్గర్నుంచి నాకు నిలకడ లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. నువ్వు చెప్పు, నేను రాస్తా అంది మౌనిక. నాకు సంతకం వచ్చు, కూడబలుక్కుంటే బస్సు మీద బోర్డు వచ్చు, అంతకు మించి రాదు. కాబట్టి ఇదంతా నా నోటి మాట, దాని వేళ్ళ రాత. చెబుతూ చెబుతూ నేను లేచి తిరుగుతుంటే అది ఫోను పట్టుకుని నా వెనకే తిరుగుతోంది.

మా ఆయన మట్టిగోడల మేస్త్రి. జగిత్యాల పక్క పల్లెల్లో ఆయన ఎత్తిన గోడలు చాలా ఉండేవి. మట్టిలో వరిగడ్డి తరిగి వేసి, నీళ్ళు పోసి, కాళ్ళతో తొక్కి, కొన్ని రోజులు మురగబెట్టి, అప్పుడు గోడకు పెట్టేవాడు. మట్టి పదునుకొచ్చిందో లేదో చేతిలోకి తీసుకుని వాసన చూసి చెప్పేవాడు. మా ఇంట్లో ఎప్పుడూ ఆ మురిగిన గడ్డి వాసనే. పెళ్ళయిన కొత్తలో కడుపులో తిప్పేది, తర్వాత అది లేకపోతే ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడను అరచేత్తో తట్టేవాడు, మనుషుల్ని పలకరించేది ఆ తర్వాతే. కుడిచేతి చూపుడువేలు కొస ఒకసారి రాయి కింద నలిగి ఊడిపోయింది. అప్పటినుంచి బొట్టు పెట్టాల్సి వస్తే బొటనవేలితోనే పెట్టేవాడు, దేవుడికైనా, కొత్తగా నిలబెట్టిన దర్వాజకైనా. ఆ బొట్టు పావలా బిళ్ళంత ఉండేది. పల్లెల్లో సిమెంటు ఇళ్ళు లేచాక మట్టిగోడలు అడిగేవాళ్ళు లేకుండా పోయారు. ఆయన దుబాయ్ పోయాడు. మా ఊళ్ళో ఏ దేశం పోయినా దుబాయ్ పోయాడనే అంటారు. ఆయన పోయింది ఖతర్‌కు.

నేలలోంచి నూనె పొంగుతున్న రోజులవి. దోహాలో ఎటు చూసినా తవ్విన గుంతలు, ఇనుప చువ్వలు, సిమెంటు దుమ్ము. ఈ మేస్త్రి చేతి మట్టితో వాళ్ళకు పని లేదు. ఆయన సిమెంటు ఇటుకలు మోసేవాడు. ఆ కంపెనీలో ఒక ఇంజనీరు సారు విజయవాడ వైపు మనిషి. ఆయన భార్యకు కాన్పయింది, తెలుగు వచ్చిన ఆయా కావాలని సైటులో అడిగాడట. మా ఆయన నా సంగతి చెప్పాడు. అట్లా నేను, నడక నేర్చిన నా బిడ్డను మా అమ్మ దగ్గర వదిలేసి, పరాయి బిడ్డను ఎత్తుకోవడానికి విమానం ఎక్కాను. వదిలేసిన ఆ బిడ్డే మౌనిక తల్లి. దీని గురించి ఎక్కువ చెప్పను. చెబితే ఇవాళ రాత సాగదు.

సారు వాళ్ళ ఇల్లు ఎయిర్‌పోర్టు దగ్గర. ఇప్పుడు ఆ పేటను ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అంటున్నారు. అప్పుడు ఉన్న ఎయిర్‌పోర్టు అదే, అది పాతదవుతుందని ఎవరికి తెలుసు? ఒక పెద్ద విల్లాను అడ్డగోడలు పెట్టి ముక్కలు చేసి నాలుగు కుటుంబాలకు ఇచ్చారు. మా వాటాకు వెనక ఒక ఇనుప తలుపు ఉండేది. తెల్లవారుతూనే నీళ్ళ ట్యాంకరు వచ్చి తలుపు దగ్గర హారన్ కొట్టేది. ఆ నీళ్ళకు ఒక ఉప్పు వాసన, ఎంత కాచినా పోదు. ఆ నీళ్ళతోనే సారు భార్య శకుంతల మేడమ్ గారికి కాఫీ, పాపకు స్నానం. పాపకు నలుగు పెట్టి, సాంబ్రాణి వేసి, ఒళ్ళో పడుకోబెట్టుకుంటే నా బిడ్డ ఒంటి వాసనే వచ్చేది. మేడమ్ గారు మంచి మనిషి, మాట మాత్రం చురుకు. కాఫీ ఫిల్టరులో ఎవరు చెయ్యి పెట్టినా ఊరుకునేది కాదు. సాయంత్రం పక్క వాటాలోంచి ఎవరో ఊదు పొగ వేసేవాళ్ళు, మా వంటింటి తాలింపు దాంట్లో కలిసేది. ఏసీలు కారే నీళ్ళు గోడ పొడుగునా పచ్చటి చారలు కట్టేవి. మా ఆయన ఆ చారలు చూసినప్పుడల్లా ఎవరికో దెబ్బ తగిలినట్టు నాలుక చప్పరించేవాడు.

మా ఆయన ఉండే కూలీల క్యాంప్ ఊరి చివర. శుక్రవారం సెలవు. ఆ రోజు తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక తలుపు దగ్గరికి వచ్చేవాడు. మొగుడూ పెళ్ళాలం ఒకే దేశంలో ఉండి, వారానికి ఒక పూట ఇనుప తలుపు పక్కన మెట్టు మీద కూర్చుని మాట్లాడుకునేవాళ్ళం. జొన్నపిండి దొరికేది కాదు, గోధుమపిండితోనే మందంగా రొట్టెలు చేసేదాన్ని. సీసాలో పచ్చిపులుసు పోసి ఉంచేదాన్ని. పచ్చి ఉల్లిగడ్డ వేసిన ఆ పులుసు సీసాతోనే ఎత్తి తాగేవాడు. ఊరి సంగతులు చెప్పుకునేవాళ్ళం, బిడ్డ సంగతి మాత్రం ఇద్దరం ఎత్తేవాళ్ళం కాదు.

ఒక శుక్రవారం రాలేదు. జ్వరమేమో అనుకున్నాను. ఆ తర్వాతి శుక్రవారమూ రాలేదు. రొట్టెలు ఎండిపోయాయి. ఆ మరుసటి వారం నేనే ఒక టాక్సీలో క్యాంప్‌కు వెళ్ళాను. తలుపు దగ్గర కాపలావాడు పేరు అడిగాడు. మొగుడి పేరు నోటితో ఎట్లా చెబుతాను? మా బిడ్డ తండ్రి అన్నాను, పొట్టిగా ఉంటాడన్నాను, జగిత్యాల అన్నాను. వాడు నవ్వి, ఇక్కడ సగం మంది జగిత్యాల వాళ్ళే, సగం మంది పొట్టివాళ్ళే అన్నాడు. లోపలి నుంచి ఒకాయన వచ్చి, కొందరిని ఉత్తరాన వేరే సైటుకు మార్చారని చెప్పాడు. ఇంకొకాయన, ఫోర్‌మన్‌తో గొడవపడిన కొందరిని ఇంటికి పంపించేశారు అన్నాడు. ఎవరు మారారో ఎవరు పోయారో ఇద్దరికీ తెలియదు.

ఇక చూడండి నా అవస్థ. మా మిద్దె మీదుగానే విమానాలు పోయేవి. పాపకు అన్నం పెడుతుంటే ఒకటి, బట్టలు ఆరేస్తుంటే ఒకటి. ప్రతిదాంట్లోనూ ఆయన ఉన్నట్టే ఉండేది. నన్ను ఈ ఇసుకలో వదిలేసి, చెప్పకుండా, చొక్కా మడతలు నలగకుండా కూర్చుని పోతున్నట్టు. గిన్నె పట్టుకుని వాకిట్లోకి పరిగెత్తి పైకి చూసేదాన్ని. నీ కాళ్ళకేమన్నా చక్రాలున్నాయా లక్ష్మీ, ఒక్క క్షణం కూర్చోలేవా అని మేడమ్ గారు కసురుకునేది. నా పేరు లచ్చవ్వ, ఆమె లక్ష్మి చేసుకుంది. సారు కంపెనీలో అడిగాడు. ఆ పనివాళ్ళ సంగతి వేరే ఆఫీసు చూస్తుంది, కనుక్కుంటాను అన్నాడు. కనుక్కుంటానన్న మాట మీద ఎన్ని రోజులు బతకను?

అప్పుడు వచ్చింది ఈ ప్రయాణం. ఆఫీసు వాళ్ళు కుటుంబాలకు ఒక బస్సు పెట్టారు. శుక్రవారం పొద్దున బయల్దేరి ఉత్తరాన పాత ఊరు చూసి, మధ్యాహ్నం నమాజు వేళకు తిరిగి రావాలి. పాడుగోడలు చూడటానికి అంత దూరమా అని మేడమ్ గారు గునిసింది. ఉత్తరం అన్న మాట చెవిన పడగానే, పాపను నేను ఎత్తుకుంటాను, మీరు హాయిగా చూడండి అన్నాను. తెల్లవారక ముందే లేచి రొట్టెలు చేసి, పులుసు సీసా పాప గుడ్డల సంచిలో అడుగున పెట్టాను. బస్సులో అందరూ పాటలు పాడుకుంటున్నారు. నేను కిటికీకి ముఖం ఆనించి, దారిలో గుడారం కనబడినా రేకుల షెడ్డు కనబడినా లేచి నిలబడుతున్నాను. పాప నా ఒళ్ళో ఎగిరెగిరి పడి పాలు కక్కింది. మదీనత్ అల్ షమాల్ అనే ఊరు దాటాక రోడ్డు సన్నబడింది. అటు ఇటు ఏమీ లేదు, బూడిద రంగు నేల, దాని చివర సముద్రం గీత.

గైడు అంటే ఇప్పటిలా చేతిలో మైకు, మెడలో కార్డు ఏమీ లేదు. తెల్లటి పొడుగు అంగీ వేసుకున్న ముసలాయన ఒక రాయి మీద కూర్చుని మాకోసం ఎదురుచూస్తున్నాడు. ఆ ఊరు ఆయన తాతలది. ఆయన అరబ్బీలో చెబుతుంటే ఆఫీసు మనిషి ఇంగ్లీషులో చెప్పేవాడు, సారు మాకు తెలుగులో చెప్పేవాడు. నా దగ్గరికి వచ్చేసరికి మాట మూడు చేతులు మారేది. అయినా నాకు అర్థమైంది. ముత్యాల కోసం మగవాళ్ళంతా ఎండాకాలం పడవలెక్కి నెలల తరబడి సముద్రం మీదే ఉండేవాళ్ళట. నీళ్ళు పోకుండా ముక్కుకు చిమటా లాంటిది పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని మునిగేవాళ్ళట. ఇక్కడ ఆడవాళ్ళు ఈ గోడల మధ్య ఎదురుచూసేవాళ్ళట. పడవలు తిరిగి వచ్చే రోజులు దాటిపోతే ఆయన నాయనమ్మ ఇంట్లో నిలవలేక, గడప దగ్గర నుంచి నీళ్ళ దాకా, నీళ్ళ దగ్గర నుంచి గడప దాకా తిరుగుతూనే ఉండేదట. మేడమ్ గారు నా వైపు చూసింది.

ఊరంటే ఏముంది, మొండి గోడలు. సముద్రంలో తీసిన గరుకు రాళ్ళు పేర్చి, మట్టితో మెత్తిన గోడలు. చాలావరకు కూలిపోయి ఉన్నాయి. నాలుగైదు ఇళ్ళు మాత్రం మళ్ళీ నిలబెడుతున్నారు. మట్టిపని తెలిసినవాళ్ళను వెతికి తెచ్చారని ముసలాయన చెప్పాడు. సారు ఆ మాట తెలుగులో అనేలోపే నాకు వాసన తగిలింది. మురిగిన గడ్డి వాసన. సముద్రం ఉప్పుగాలిలో, అంత దూరంలో, మా ఇంటి వాసన. పాపను చంకన వేసుకుని, గుంపును వదిలేసి, వాసన పట్టుకుని నడిచాను. చివరి ఇంటికి కొత్తగా దర్వాజ నిలబెట్టి ఉంది. గోడ పూత ఇంకా తడి ఆరలేదు. గడపకు పసుపు పూసి ఉంది. దాని మీద వరసగా కుంకుమ బొట్లు, ఒక్కొక్కటి పావలా బిళ్ళంత.

గడప ముందు గొంతుకూర్చున్నాను. మనిషి ఉన్నాడు. విమానం ఎక్కలేదు. ఆ కుంకుమ కూడా నాదే. ఊరి నుంచి వస్తూ వేములవాడ కుంకుమ, ఇంటి పసుపు పొట్లం కట్టి తెచ్చి, పెట్టెలో దేవుడి పటం దగ్గర ఉంచుకోమని ఆయనకు ఇచ్చాను. గడప నిలబెట్టి బొట్టు పెట్టకుండా ఇంట్లోకి అడుగు పెట్టడం ఆయనకు చేతకాదు. ఎవరి ఇల్లు, ఏ దేశం అని చూసుకోలేదు.

నా వెనకే సారు వచ్చాడు. గడప చూసి ఆయన ముఖం పాలిపోయింది. అటు ఇటు చూసి, గొంతు తగ్గించి అన్నాడు: “ఎవడు చేశాడీ పని? ఇది వాళ్ళ తాతల ఇల్లు. ఆ ముసలాయన చూశాడంటే ఈ పనివాళ్ళందర్నీ రేపే విమానం ఎక్కిస్తారు. తుడిచెయ్ లక్ష్మీ, త్వరగా.”

విమానం అన్న మాట వినగానే నాకు చేతులు ఆడలేదు. తర్వాత చేతులు తప్ప ఇంకేమీ ఆడలేదు. పాపను సారుకు ఇచ్చేసి, పాప తాగే నీళ్ళు గడప మీద పోసి, కొంగుతో రుద్దాను. కుంకుమ వచ్చేసింది. పసుపు రాదు. కొత్త చెక్క అది, పీల్చుకుంది. ఇసుక తీసుకుని రుద్దాను. నా కొంగంతా ఎర్రగా పచ్చగా అయింది. ఇన్నాళ్ళు ఆయన జాడ కోసం పిచ్చిదానిలా తిరిగి, దొరికిన ఒక్క జాడనూ నా చేత్తోనే చెరుపుతున్నానని అప్పుడు తోచలేదు. గుంపు వస్తున్న చప్పుడు, అంతే. తలెత్తేసరికి ముసలాయన నా ముందు నిలబడి ఉన్నాడు. పాప కక్కింది, కడుగుతోంది అని సారు ఇంగ్లీషులో అబద్ధమాడాడు. ముసలాయన సారు వైపు చూడలేదు. నా కొంగు చూశాడు, గడప చూశాడు. కుర్రతనంలో ముత్యాల బేరానికి బొంబాయిలో ఉన్నాడట, హిందీ వచ్చు. నాతో హిందీలోనే అన్నాడు.

“క్యూఁ మిటాయా? ముఝ్‌సే పూఛ్‌కే లగాయా థా ఉస్‌నే.”

ఎందుకు చెరిపావు, నన్ను అడిగే పెట్టాడు కదా అని. అడిగాడట మా ఆయన. పసుపు ఎందుకంటే చెక్కకు చెదలు పట్టకుండా అన్నాడట. మరి ఎరుపు ఎందుకంటే తలవంచుకుని, అది మా అలవాటు అన్నాడట. బొంబాయిలో నేను ఎక్కిన ప్రతి మెట్టు దగ్గరా ఈ ఎరుపు చూశాను, ఇల్లు నిలబెట్టేవాడు ఇంటికి మంచే కోరుతాడు, పెట్టుకో అన్నాను అని చెప్పాడు ముసలాయన. సారు పాపను ఎత్తుకుని సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ మేస్త్రి నీకేమవుతాడని అడిగాడు ముసలాయన. పేరు చెప్పలేను కదా, నా చూపుడువేలు మడిచి చూపించాను. ఆయన బోసి నోటితో నవ్వి, వెనక ఉన్న గుంత వైపు చెయ్యి చూపించాడు.

గుంతలో మోకాళ్ళ దాకా మట్టిలో దిగి, లుంగీ ఎగ్గట్టి మా ఆయన మట్టి తొక్కుతున్నాడు. సెలవు రోజు. పక్కన ఇంకెవరూ లేరు. నన్ను చూసి ఆగలేదు కూడా, తొక్కుతూనే ఉన్నాడు. ముఖం మాత్రం వెలిగిపోతోంది. ఇన్నేళ్ళలో ఆ ముఖం నేను చూడలేదు.

“ఏమే, నువ్వెట్లచ్చినవ్?” అన్నాడు.

“శుక్రారాలు యాదికున్నయా నీకు?” అన్నాను.

పనివాళ్ళను తిప్పే లారీ దోహా దాకా రావడం లేదని, నీళ్ళ బండి డ్రైవర్‌తో చెప్పి పంపానని, వాడు సెలవు మీద ఇంటికి పోయాడని తర్వాత తెలిసిందని, ఏవేవో చెప్పాడు. చెప్పి చెప్పి ఆగి, అసలు మాట అన్నాడు. “మట్టి మురగవెట్టినంక ఒక్క పూట ఇడిచినా గట్టిపడుతదే. గింత మంచి మట్టి మనూళ్ళె సుత లేదు. వాసన సూడు.” అని ముద్ద తీసి నా ముక్కు దగ్గర పెట్టబోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను విమానాలు లెక్కపెట్టుకుంటూ చచ్చి బతుకుతుంటే ఈయన మట్టి వాసన చూసుకుంటూ నన్ను మరిచాడు.

“నువ్వు సచ్చినవనుకున్న” అన్నాను.

అప్పుడు నా కొంగు చూశాడు. ఎర్ర మరకలు, పచ్చ మరకలు. గడప వైపు చూశాడు. కాళ్ళు ఆగిపోయాయి.

“అందుకేనా బొట్టు తుడిచినవ్? బతికుండంగనే?”

నేను ఏడ్చాను. ఆయన నవ్వాడు. నవ్వీ నవ్వీ మట్టిలో కూలబడ్డాడు. తర్వాత ఇద్దరం గుంత గట్టు మీద కూర్చున్నాం. మట్టి చేతులతోనే రొట్టె తిన్నాడు, సీసా ఎత్తి పులుసు తాగాడు. బస్సు హారన్ కొట్టింది. తిరుగుదారిలో మేడమ్ గారు నా చీర చూసి, ఆ మట్టిమరకలు ఉతక్కు లక్ష్మీ, ఈసారి విమానం పోయినప్పుడు అవి చూసుకుని కాస్త కుదురుగా కూర్చుందువు గాని అంది.

పని ముగిశాక, పాప బడికి పోయే ఈడు వచ్చాక, ఊరికి తిరిగి వచ్చేశాం. ఆ మాట మాత్రం ఆయన వదల్లేదు. కూరలో ఉప్పు ఎక్కువైనా, కూతురి పెళ్ళి మాటల్లో నేను గొంతు పెంచినా, దుబాయ్‌ల నా బొట్టు తుడిచిన ఆడిది అని నలుగురిలో అనేవాడు. వాడకట్టంతా నవ్వేది. నేనూ, ఈయనకు గడప నిలబెట్టుడు తెలుసు గని తనకోసం గడప దాటిన పెండ్లాం తెల్వదు అనేదాన్ని. మూడేళ్ళ కిందట ఆయన పోయాడు. పదో దినం నాడు ముసలమ్మలు చుట్టూ చేరి, గాజులు తీసి, నా బొట్టు తుడవబోయారు. చెయ్యి అడ్డం పెట్టాను. ఆయన బొట్టు నేను ఒకసారి తుడిచిన, ఆయన బతికుండంగనే తుడిచిన, ఆ లెక్క అప్పుడే తీరిపోయింది, ఇంకోసారి తుడిచేది లేదు అన్నాను. పిచ్చి లేచింది దీనికి అన్నారు. అననీ. ఇవాళ్టికీ పెట్టుకుంటున్నాను.

ఇప్పుడు ఆ ఊరికి కంచె వేశారు. చుట్టూ తాడు కట్టారు, బోర్డులు పెట్టారు. గోడలు అప్పటికంటే నున్నగా ఉన్నాయి. అంత నున్నగా చేస్తే అది చెయ్యి కాదు, మిషను. చివరి ఇల్లు నేను పట్టుకోగలిగాను, సముద్రం ఎటుందో చూసి. గడప మార్చేశారు. కొత్త చెక్క, రంగు వేశారు. పసుపు ఎక్కడా లేదు. నేను అక్కడే వంగి చూస్తుంటే గైడు పిల్ల వచ్చి ముట్టుకోవద్దు అంది. ఈ ఇల్లు ఎవరిదని అడగమన్నాను మౌనికను. పాత రోజుల్లో జాలరులది అంది ఆ పిల్ల. ఇప్పుడు ఎవరిది అన్నాను. ఎవరిదీ కాదు, సర్కారుది అంది. దీన్ని నిలబెట్టింది ఎవరంటే పనివాళ్ళు అంది. కాదు, గంగరాజం అన్నాను. ఆయన బతికి ఉండగా ఆ పేరు నా నోట రాలేదు. ఆ పిల్ల తలూపి ముందుకు పోయింది.

మౌనికకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాని సంచిలో చిన్న కుంకుమ డబ్బీ ఉంటుంది. తీసి, “ఎవలు సూస్తలేరు అమ్మమ్మా, పెట్టు” అంది. వద్దన్నాను. తాత అడిగి పెట్టాడు. అప్పుడు అడగడానికి ఆ ఇంటి మనిషి ఉన్నాడు, రాయి మీద కూర్చుని మా కోసం ఎదురుచూసినవాడు. ఇప్పుడు ఎవరిని అడగాలి? దొంగతనంగా పెడితే అది బొట్టు కాదు, మరక. గడప తొక్కకుండా, కుడికాలు ముందు పెట్టి లోపలికి వెళ్ళి, గోడను అరచేత్తో ఒకసారి తట్టి, బయటికి వచ్చేశాను.

తిరుగుదారిలో, చలికాలమైనా, వ్యానులో ఎండకు చెమటలు పోశాయి. కొంగుతో ముఖం తుడుచుకుంటే, అమ్మమ్మా బొట్టు చెదిరింది అంది మౌనిక. కొంగు చూసుకుంటే ఎర్రగా ఉంది. డబ్బీ అందుకున్నాను. ఎప్పుడూ చూపుడువేలితో పెట్టుకునేదాన్ని. ఆ రోజు బొటనవేలు ముంచి పెట్టుకున్నాను. పెద్దగ అయింది, సగం తుడవనా అంది మౌనిక. ఉండనీ అన్నాను.